జూలై ఒకటిన పుట్టినవాళ్ళు

ఏప్రిల్ 4

ఈ తేదీన పుట్టినవాళ్ళు ముగ్గురు దొరికారు. ఒక సేనాపతి, ఒక సినిమా నటి, సబ్బుల కంపెనీ పెట్టినాయన. చోటు ఒక్కరికే. ఆఫీసర్ నటి పేరు మీద టిక్కు పెట్టాడు. సేనాపతి ఎంతమందిని నరికించాడో చూస్తే నటే నయం. అయినా ఒళ్ళు మండింది.

రేడియోలో చేరి రెండు నెలలు. పొద్దున ఆరూ నలభైకి వచ్చే ‘ఈ తేదీన’కి చీటీలు రాయడం నా పని. పుట్టినరోజుకి పసుపు చీటీ, చరిత్రకి తెల్లది, పాటల సంగతులకి నీలం. ఎవరి మొదటి రికార్డు ఏ రోజు వచ్చింది, ఏ కచేరీలో ఎవరి తీగ తెగింది, అలాంటివి. లైబ్రరీ గదిలో మూడు వందల అరవై ఆరు కవర్లున్నాయి, తేదీకొకటి. ముప్పై ఏళ్ళుగా నాలాంటివాళ్ళు కత్తిరించి పడేసిన కాగితాలు. అన్నీ తిరగేశాను. రాజులు, ఓడలు నడిపినవాళ్ళు, ఓడలు ముంచినవాళ్ళు. పలుగు పట్టినవాడు ఒక్కడు లేడు. మూడు వందల అరవై ఆరు రోజుల్లో ఒక్కరోజైనా ఈ ప్రపంచంలో కూలివాడు పుట్టలేదట!

ఆఫీసర్‌తో అదే అన్నాను. కూలివాళ్ళ పుట్టినరోజులు కూలివాళ్ళకే తెలీవు కదయ్యా, మనకెలా తెలుస్తాయి అన్నాడు. నవ్వాడు కూడా. పక్కనున్న అనౌన్సర్ అక్క నా చొక్కా లాగకపోతే ఈ ఉద్యోగం ఇవాళే ఊడేది.

ఏప్రిల్ 9

ఇవాళ పసుపు చీటీ మీద ఒక వజ్రాల వ్యాపారి. వదినకి చెబితే, పోనీలే మహానుభావా, పుట్టినప్పుడు అతనూ ఏడ్చే ఉంటాడు అంది.

ఏప్రిల్ 21

వదిన ప్యాకింగ్ షెడ్ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. షెడ్‌లో ఎనిమిది గంటలూ నిలబడే పని. లైన్ మీద వచ్చే సీసాని వెలుతురుకి పట్టి చూడాలి, పగులుంటే పక్కన పడేయాలి, లేకపోతే అట్టపెట్టెలో పెట్టాలి. అన్న ఉన్న రోజుల్లో ఆమె ఫ్యాక్టరీ గేటు కూడా చూడలేదు. గాజు కరిగించే ఫర్నేస్ గోడ కూలి అన్నతో కలిపి తొమ్మిదిమంది పోయాక, కంపెనీ దయతలచి ఇంటికొక టెంపరరీ ఉద్యోగం ఇచ్చింది. దయ అనే మాట వాళ్ళ కాగితంలోదే. నేను దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను. అది ఆఫీసుకి ఇవ్వాల్సిన కాపీ అని తర్వాత తెలిసింది. వదిన ఆ రోజు నన్ను కొట్టడమే తక్కువ.

అక్టోబర్‌లో ఆమెని పర్మనెంట్ చేయాలి. మూడేళ్ళు పూర్తవాలి, వయసు ముప్పై అయిదు దాటకూడదు. సర్టిఫికెట్ ప్రకారం వదినకి ముప్పై రెండు. పర్మనెంట్ అయితే ఫ్యాక్టరీ క్వార్టర్ ఇస్తారు. ఈ రేకుల గది వదిలేయొచ్చు. వంటింటికి కిటికీ ఉంటుందట, నాలుగుసార్లు చెప్పింది. కిటికీ కోసం మూడేళ్ళు తల వంచుకుని నిలబడాలా అన్నాను. నిలబడేది నేను కదా, నీకెందుకు నడుం నొప్పి అంది.

మూతపడ్డ యూనియన్ ఆఫీసు నుంచి నేను మోసుకొచ్చిన కరపత్రాల కట్ట మంచం కింద ఉంది. నూట పన్నెండు కరపత్రాలు. కాలేజీకి వెళ్ళినవాడికి పుస్తకాలు నేర్పిన దానికంటే నాకవే ఎక్కువ నేర్పాయి. మనిషిని రెండుసార్లు చంపొచ్చని ఒకదాంట్లో ఉంది. రెండోసారి పేరు చెప్పకుండా చంపుతారట.

మే 6

నవంబర్‌లో ఆ ప్రమాదం జరిగిన తేదీ కవర్‌లోకి ఒక తెల్ల చీటీ రాసి ఆఫీసర్ బల్ల మీద పెట్టాను. ఫర్నేస్ గోడ, తొమ్మిదిమంది, అంతే. ఒక్క విశేషణం వాడలేదు. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ‘ఈ తేదీన’ని సమర్పిస్తున్నది ఎవరు బాబూ అని అడిగాడు. సీసాల ఫ్యాక్టరీ అన్నాను. మరి? అన్నాడు. అదిగాక ఈ కార్యక్రమంలో చావులు చెప్పం, జనం పళ్ళు తోముకుంటూ వింటారు అన్నాడు. పోయిన మహానుభావుల్ని కూడా పుట్టినరోజు నాడే తలుచుకుంటాం, చీటీ మూలన నల్లచుక్క పెడతాం, అంతే అన్నాడు.

ఆ చుక్క సంగతి నిజమే. పసుపు చీటీ చదవగానే పిల్లల కోరస్ వస్తుంది, నిండు నూరేళ్ళు చల్లగా ఉండమని. ఆ టేపు ఆపరేటర్ చేతిలో ఉంటుంది. చుక్క చూస్తే వెయ్యడు.

తెల్ల చీటీని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. మర్యాదగానే వేశాడు. అదే భరించలేకపోయాను.

మే 7

చావుకి చోటు లేకపోతే పుట్టుకకి ఉంది కదా.

మే 15

వదిన లేని సమయం చూసి ఆమె రేకు పెట్టె తెరిచాను. అన్న స్కూలు సర్టిఫికెట్ దొరికింది. పుట్టినతేదీ జూలై 1. ఇన్నేళ్ళు ఒకే కంచంలో తిన్నాం, అన్న పుట్టినరోజు ఏదో నాకు తెలీదు. వాడికైనా తెలుసో లేదో. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆ రోజుని గురించి మాట్లాడిన గుర్తు లేదు.

జూలై ఒకటి కవర్ తీసి చూశాను. ఒక పేరున్న గాయని, ఒక వంతెన ప్రారంభం, ఒక కొత్త రాగం మొదటిసారి పాడిన సభ. మంచి కవరే. అన్నకి అందులో చోటుంది.

మే 26

పోయిన తొమ్మిదిమందిలో ఏడుగురు మా పేటవాళ్ళు. పది రోజులుగా ఆ ఇళ్ళ చుట్టూ తిరిగాను. రేడియో నుంచి వచ్చానంటే కుర్చీ వేశారు. పెట్టెలు తీశారు, ట్రంకులు తీశారు. ఒకావిడ సర్టిఫికెట్‌ని దిండు గలీబులో దాచింది.

ఈల, జూలై 1. లెక్చరు, జూలై 1. గుండు, జూలై 1. నాలుగో ఇంట్లో కాగితం విప్పకముందే తేదీ నేనే పైకి చెప్పేశాను. డబుల్ డ్యూటీ, పొడుగు, చిన్నమేస్త్రి, అందరిదీ జూలై ఒకటే. సంవత్సరాలు వేరు, తేదీ ఒకటే. ఇవి వాళ్ళ అసలు పేర్లు కావు, ఫ్యాక్టరీలో పిలిచే పేర్లు. మా అన్నని ‘రేపు’ అనేవారు. క్షౌరం దగ్గర్నుంచి ఫొటో దాకా ఏది అడిగినా రేపు చూద్దాం అనేవాడు.

ఒకే ఫర్నేస్ కింద పోయిన ఏడుగురు ఒకే తేదీన పుట్టారు! ఇంత పెద్ద విషయం చరిత్రలో ఏ కవర్‌లోనూ లేదు. ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చాను.

వదినకి చెబితే నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. నాదీ జూలై ఒకటే కదయ్యా పిచ్చివాడా అంది.

జూన్ 2

పేట స్కూలు మాస్టారి ఇంటికెళ్ళాను. రిటైరై పదేళ్ళు దాటింది. చెవి సరిగా వినపడదు గానీ గొంతు మాత్రం ఇంకా క్లాసులోనే ఉంది. ఒరేయ్, నువ్వు రేపుగాడి తమ్ముడివి కదూ, చెప్పులు బయట విప్పు అన్నాడు.

అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లుల్ని పుట్టినతేదీ అడిగితే, పెద్ద వాన పడ్డ ఏడు అనేవారట, మేనమామ ఇల్లు కాలిన నెల అనేవారట. రిజిస్టర్‌లో వానకి గడి లేదు. అందుకని పిల్లాణ్ణి నిలబెట్టి, కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవాడు. అందితే ఐదేళ్ళు నిండినట్టు లెక్క. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవాడు. అందిన ప్రతివాడికీ జూలై ఒకటి రాసేశాడు. స్కూలు తెరిచే నెల, గుర్తుండే తేదీ. నేను రాసింది వాళ్ళు పుట్టిన రోజు కాదురా, వాళ్ళ చెయ్యి చెవికి అందిన రోజు అన్నాడు.

ముప్పై ఏడేళ్ళలో ఎంతమందికి రాశారు మాస్టారూ అన్నాను. వేలు మడిచి లెక్కపెట్టబోయి మానేశాడు. ఎవరూ కాదనలేదురా, వాళ్ళకి వేరే తేదీ ఉంటే కదా అన్నాడు.

జూన్ 3

వదినతో చెప్పాను, జూలై ఒకటిన ఏడుగురి పేర్లూ రేడియోలో చదివిస్తున్నానని. చేతిలో పని ఆపింది. అన్న పేరు చదువుతారా అని అడిగింది. చదువుతారన్నాను. తర్వాత, చదివిస్తే చదివించు గానీ మాస్టారి సంగతి ఎక్కడా ఎత్తకు అంది. ఆ తేదీ అబద్ధమని నీకూ తెలుసు, నాకూ తెలుసు, కంపెనీకి తెలియక్కర్లేదు అంది.

నిజానికి భయపడేవాళ్ళ వల్లే ఈ లోకం ఇలా తగలడిందని అన్నాను. లోకం సంగతి తర్వాత, అక్టోబర్ దాకా నోరు మూసుకో అంది.

జూన్ 24

చీటీ ఇది. పదిహేడుసార్లు రాశాను.

‘ఈ తేదీన ఏడుగురు పుట్టారు. ఒకే ఊరు, ఒకే బడి, ఒకే పని. రేపు, ఈల, లెక్చరు, గుండు, డబుల్ డ్యూటీ, పొడుగు, చిన్నమేస్త్రి. వీళ్ళ చేతుల మీదుగా వచ్చిన సీసాతోనే ఈ పూట మీరు నీళ్ళు తాగి ఉంటారు.’

ఆఫీసర్ రెండుసార్లు చదివాడు. సీసాల ఫ్యాక్టరీ వర్కర్లా అన్నాడు. అవునన్నాను. శభాష్, స్పాన్సర్‌కి నచ్చుతుంది, ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చింది నీకు అన్నాడు. నా వీపు తట్టాడు. ఆ చెయ్యి తగిలిన చోట ఇప్పటికీ చీదరగా ఉంది. అయినా నవ్వాను. ఆఫీసర్‌ది పై ఊరు. ఊరికి తెలుసు వీళ్ళెవరో. ఏడు పేర్లూ వినపడ్డాక ఊరు ఊరంతా ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. ఆ క్షణం చాలు నాకు.

జూన్ 30

మూలన చుక్క పెట్టలేదు.

పెడితే ఆఫీసర్‌కి తెలిసిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. సాయంత్రం సంతకమయ్యాక ఆపరేటర్‌కి అందించే ముందు చీటీ నా చేతిలోనే ఉంది. పెన్ను తీశాను. ఇన్నాళ్ళూ సేనాపతులకీ కవులకీ ఎన్ని చుక్కలు పెట్టానో. అన్న పేరు పక్కన పెట్టడానికి చెయ్యి రాలేదు.

జూలై 1, ఉదయం 6.52

ఇప్పుడే అయింది.

స్టూడియో అద్దం ఇవతల నిలబడ్డాను. అనౌన్సర్ అక్క పసుపు చీటీ అందుకుంది. ఆమె ఈ ఊరిదే. రెండో పేరు దగ్గర తల ఎత్తి నన్ను చూసింది. అర్థమైంది ఆమెకి. గొంతు తడబడలేదు. ఒక్కో పేరూ విడివిడిగా, గౌరవంగా చదివింది. చిన్నమేస్త్రి అయ్యాక ఆగింది. ఆ నిశ్శబ్దం కోసమే నేను రెండు నెలలు బతికాను.

ఒక్క సెకను ఉంది అది. ఆపరేటర్ టేపు వేశాడు. పిల్లలు కోరస్ అందుకున్నారు. నిండు నూరేళ్ళు, చల్లగా నిండు నూరేళ్ళు. తప్పట్లు కూడా ఉన్నాయి అందులో.

అక్క అద్దంలోంచి నా వైపు చూడలేదు. నీలం చీటీ తీసుకుని గాయని గురించి చదవడం మొదలుపెట్టింది.

జూలై 1, సాయంత్రం

‘ఈ తేదీన’ని ప్యాకింగ్ షెడ్ స్పీకర్‌లో రోజూ వేస్తారు, సొంత కార్యక్రమం కదా. నాకు తెలీనిది కాదు.

వదిన చెప్పలేదు, అదే షెడ్‌లో పనిచేసే పక్కింటావిడ చెప్పింది. రేపు అనే పేరు వినగానే వదిన సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట, మొహం మాత్రం వెలిగిపోయిందట. అంతలో కోరస్ వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకి ఈ పేర్లు తెలీవు, పుట్టినరోజు పాట అనుకుని తప్పట్లు కొట్టారట. లైన్ ఆగలేదు. వదిన ముందు పదకొండు సీసాలు నేల మీద పడ్డాయి.

ఆమె వచ్చి మొహం కడుక్కుని అన్నం పెట్టింది. నూరేళ్ళట మీ అన్నకి అంది. అంతే.

జూలై 2

ఈల వాళ్ళమ్మ వీధి మధ్యలో నిలబెట్టి అడిగింది, నా కొడుక్కి దీవెన పంపావంట నాయనా, పోస్టులో పంపావా, నువ్వే స్వయంగా తీసుకెళ్తావా అని.

పక్క పేట నుంచి ఒక ముసలాయన సైకిల్ మీద వచ్చాడు. ఫర్నేస్ కింద పోయిన మిగతా ఇద్దరిలో ఒకడి తండ్రి. వాడు వేరే స్కూల్లో చదివాడు. అరవలేదు, తిట్టలేదు. మావాడు పుట్టలేదా బాబూ అని అడిగాడు. సైకిల్ స్టాండు కూడా వెయ్యకుండా, దాన్ని పట్టుకునే అడిగాడు.

ఆఫీసుకి ఫ్యాక్టరీ పర్సనెల్ మేనేజర్ ఫోన్ చేశాడట, థాంక్స్ చెప్పడానికి. వచ్చి ఆరు నెలలే అయింది అతను. ఆ ఏడుగురినీ పిలిచి చిన్న కేక్ కట్ చేయిస్తే బాగుంటుంది, ఏ సెక్షన్‌లో ఉన్నారో కనుక్కోమన్నాడట. ఆఫీసర్ నన్ను పిలిచి అడిగాడు.

చెప్పాను, ఏ సెక్షన్‌లో ఉన్నారో.

ఆయన మొహం పాలిపోయింది. కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఫ్యాను కేసి చూశాడు.

జూలై 5

తప్పు జరిగింది. తప్పుని దిద్దాలి. రేడియో వాళ్ళది, కాగితం మనది.

ఒకే ఊపున రాశాను. ‘పుట్టినరోజు కూడా లేని మనుషులు’ అని పేరు పెట్టాను. ఈసారి తొమ్మిదిమందీ ఉన్నారు. ఫర్నేస్ గోడ బీటల గురించి మూడుసార్లు చెప్పినా వినని మేనేజ్‌మెంట్ ఉంది. పుట్టుక కూడా తమది కాని మనుషుల చావుకి ఎవరు జవాబు చెబుతారని అడిగాను. చెవికి చెయ్యి అందడం, రిజిస్టర్, జూలై ఒకటి, అన్నీ రాశాను. మాస్టారి సంగతి వద్దని వదిన అంది. అది లేకపోతే కరపత్రానికి వెన్నెముక లేదు. మంచం కిందున్న నూట పన్నెండింటిలో ఇంత బాగా రాసింది ఒక్కటి లేదు. ఈ మాట పొగరుతో అనడం లేదు, నిజంగా లేదు.

జూలై 8

ఫ్యాక్టరీ గేటు దగ్గర, అచ్చు వేయించిన మూడు వందల కరపత్రాలూ పంచాను. ఒకడు చదివి చెయ్యి పట్టుకున్నాడు, నాదీ జూలై ఒకటేరా తమ్ముడూ అని. ఇలాంటివాళ్ళు ఎంతమందో! ఒక్కసారి వీళ్ళంతా తలెత్తితే!

సెక్యూరిటీ గార్డు కూడా ఒకటి అడిగి తీసుకున్నాడు. సంతోషంగా ఇచ్చాను.

జూలై 10

ఉద్యోగం తీసేశారు. ఆఫీసర్ నా మొహం చూడలేక చీటీలకేసి చూస్తూ చెప్పాడు. అనౌన్సర్ అక్క బయటి దాకా వచ్చింది. తమ్ముడూ, నీకు కోపం వచ్చినంత త్వరగా ఆలోచన రాదురా అంది. ఆ రోజు కోరస్ రాకుండా మైక్ ముందు ఇంకో మాట మాట్లాడి ఉండాల్సింది, నాకూ తోచలేదు అంది. ఏడ్చినట్టుంది. నేను పట్టించుకోలేదు. నాకు గర్వంగా ఉంది.

జూలై 19

ఫ్యాక్టరీ నోటీసు బోర్డులో నా మాట.

వదిన ఒక కాగితం ముక్క మీద రాసుకొచ్చింది, ఒక్క అక్షరం వదలకుండా. ‘ఉద్యోగుల పుట్టినతేదీలు పాఠశాలలో ఊహించి రాసినవని ఇటీవల పంచిన కరపత్రం ద్వారా యాజమాన్యం దృష్టికి వచ్చింది. జూలై ఒకటి పుట్టినతేదీగా గల నలభై ఒక్కమంది ఉద్యోగుల వయసు తిరిగి నిర్ధారించబడే వరకు వారి పర్మనెంట్, ప్రమోషన్, రిటైర్మెంట్ ఫైళ్ళు నిలుపుదల చేయడమైనది.’ కింద నా కరపత్రాన్ని జతపరిచారట. అద్దం తలుపున్న బోర్డులో, నాలుగు మూలలా పిన్నులు కొట్టి.

ఎక్కడా అతికించనివ్వని కంపెనీ తన గోడకి తానే అతికించింది.

జూలై 20

గట్టిగా అరిచాను. మోసం, కుట్ర, కోర్టుకి లాగుతాను అన్నాను. ఫర్నేస్ గోడ గురించి కరపత్రంలో ఒకటిన్నర పేజీ ఉంటే వాళ్ళకి పావు పేజీ మాత్రమే కనపడిందా అన్నాను. వదిన విని విని, మీరు కాసేపు బయటికి వెళ్ళి రండి అంది.

మీరు.

ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. నిక్కరు బొత్తాలు పెట్టింది. ఎప్పుడూ అనలేదు ఆ మాట.

ఆగస్టు 3

నలభై ఒక్కమందిలో నాకు ఎదురైనవాళ్ళు పదహారుమంది. పద్నాలుగుమంది పలకరించలేదు. ఒకడు ఉమ్మాడు. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకున్నవాడు మాత్రం ఆగి మాట్లాడాడు. అతనికి నవంబర్‌లో చార్జ్‌హ్యాండ్‌గా, అంటే పదిమంది పనివాళ్ళ మీద పెద్దగా, ప్రమోషన్ రావాల్సింది. నువ్వు మా గురించే రాశావురా, మమ్మల్ని ఒక్క మాట అడిగావా అన్నాడు.

మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాడట. ఏళ్ళు సరిగ్గానే వేశాను, తేదీలే ఒకటి, ప్రమాణం చేసి చెబుతాను అన్నాడట. మీరు ఊహించి రాశారనే కదా మేమంటున్నది, మీ ప్రమాణం మాకే సాక్ష్యం అన్నారట. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడటం లేదని విన్నాను. వెళ్ళాలి. వెళ్ళలేదు.

ఆగస్టు 28

కరపత్రాల కట్ట ఎత్తి చూశాను. చెదలు పట్టలేదు. పడితే బాగుండు అనిపించింది.

సెప్టెంబర్ 9

ఇవాళ నలభై ఒక్కమందికీ ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో వయసు పరీక్ష. నేను గేటు అవతలే నిలబడ్డాను. ఎండలో క్యూ. అందరూ ఒకే స్కూల్లో చదివినవాళ్ళు, మళ్ళీ ఒకే వరసలో. ఒకడు జోకు వేశాడు, ఈసారి చెవి పట్టుకోమంటే కాలు మీదుగా పట్టుకోమంటారేమోరా అని. కొందరు నవ్వారు.

వదిన లోపల జరిగింది ఇంటికొచ్చి చెప్పింది. నాతో కాదు, పక్కింటావిడతో. నేను వింటున్నానని తెలిసే చెప్పింది. డాక్టర్ నోరు తెరవమని పళ్ళు చూశాడట, వంగమని జుట్టు చూశాడట, చేతికి ఎక్స్‌రే తీయించాడట. వరసలో ముందున్నవాడు ధైర్యం చేసి అడిగాడట, ఎముక చూస్తే వయసు తెలుస్తుందా డాక్టరుగారూ అని. పాతికేళ్ళు దాటాక ఎముక ఏమీ చెప్పదయ్యా అన్నాడట. మరి ఎక్స్‌రే ఎందుకంటే, ఫైల్లో ఉండాలి అన్నాడట.

వదిన పాపిట దగ్గర జుట్టుని పెన్నుతో పక్కకి తోసి చూశాడట. నెరుపు ఎప్పటి నుంచి అని అడగలేదట. అడిగితే చెప్పేదాన్ని, ఏ నెల నుంచో కూడా చెప్పేదాన్ని అంది.

సెప్టెంబర్ 17

వచ్చాయి.

వదినకి ముప్పై ఆరు. ముప్పై నాలుగు నుంచి ముప్పై ఎనిమిది మధ్యలో ఉండొచ్చట, కాబట్టి మధ్యది వేశారు. నవంబర్‌కి చార్జ్‌హ్యాండ్ కావాల్సినవాడికి యాభై ఏడు, అంటే వచ్చే ఏడే ఇంటికి. ఒకామెకి మాత్రం నాలుగేళ్ళు తగ్గాయి, సంతోషించాలో లేదో తెలియక ఏడ్చిందట.

అందరి కాగితాల మీదా పుట్టినతేదీ సెప్టెంబర్ 9. పరీక్ష చేసిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టడం రూలట. నలభై ఒక్కమంది, ఏళ్ళు వేరు, తేదీ ఒకటే. మాస్టారు పిల్లాణ్ణి నిలబెట్టి, చెవి పట్టించి, మొహం చూసి రాశాడు. వీళ్ళు పెన్నుతో జుట్టు తోసి రాశారు. మాస్టారిది తప్పు, వీళ్ళది నిర్ధారణ.

నవ్వొచ్చింది. గదిలో ఒక్కణ్ణే నవ్వాను. ఎంతసేపటికీ ఆగకపోతే మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాను.

సెప్టెంబర్ 18

ముప్పై అయిదు దాటింది కనుక వదిన పర్మనెంట్ ఫైలు మూసేశారు. టెంపరరీగా కొనసాగవచ్చు, ఆరు నెలలకోసారి కాగితం. క్వార్టర్ లేదు.

కోర్టు గురించి ఎత్తబోయాను. ఎత్తలేదు. నాకు మొదటిసారి నా గొంతంటే భయం వేసింది.

సెప్టెంబర్ 23

ఎవరి ఎక్స్‌రే వాళ్ళకి తిరిగిచ్చేశారు. కిటికీ లేదు కనుక తలుపు దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టి చూశాను. వదిన కుడిచెయ్యి. వేళ్ళు పొగలా ఉన్నాయి. బొటనవేలి కింద, మెత్తగా ఉండే చోట, బియ్యపు గింజంత తెల్లటి గీత. ఎముక కాదు.

ఇదేంటి వదినా అన్నాను. తల తిప్పకుండానే చెప్పింది. గాజు. చేరిన రెండో నెలలో దిగింది. చెబితే సెక్షన్ నుంచి తీసేస్తారని చెప్పలేదు. చలికాలంలోనే నొప్పి.

రిపోర్టు మళ్ళీ చదివాను. వయసు ఉంది. తేదీ ఉంది.

ఎక్కడా రాయకు అంది.